గుల్లలోని జంతువు పెరిగాక పాత గుల్ల వదిలేస్తుందా? సైన్స్ ఫెయిర్ చార్టులో మూడు వాక్యాలు

ఎనిమిదో_తరగతి_సైన్స్
సైన్స్ ఫెయిర్ కోసం అచ్చేసి పంపిన ఒక చార్టులో రెండు చిప్పల గుల్లల గురించి మూడు వాక్యాలున్నాయి. ఒకటి: "సముద్రంలోని ఇసుకను జిగురుతో అతికించి గుల్ల కట్టుకుంటుంది." రెండు: "ఒళ్ళు పెరిగాక పాత గుల్ల వదిలేసి పెద్దది చూసుకుంటుంది." మూడు: "గుల్ల మీద ఎన్ని గీతలుంటే అన్నేళ్ళ వయసు." పిల్లలు దీన్నే బట్టీపట్టి అందరి ముందూ చెబుతారు. అదే నా బాధ. రెండోది తప్పని ఖాయం. మిగతా రెండింటి సంగతేమిటి? పిల్లలు చేత్తో పట్టుకుని చూసుకునేలా చెప్పండి. కాకినాడ తీరంలో దొరికే గుల్లలతో చెబితే మరీ మంచిది.

తీరంగాలి
రెండోది ఖాళీ నత్తగుల్లలో దూరే పీత సంగతి. ఎవరో రెండింటినీ కలిపేశారు. గుల్ల జంతువుకు చిప్పలు ఒంట్లో భాగం. వదిలితే చావే.

ప్రావారం
మొదటి వాక్యం పూర్తిగా తప్పు. గుల్లలో ఇసుక రేణువు ఒక్కటి కూడా ఉండదు. ముడిసరుకంతా నీటిలో కరిగి ఉన్నదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం కరిగి ఉంటుంది, దాంతోపాటు బైకార్బనేటు. జంతువు తీసుకునేది ఆ రెండూ.

పనిచేసేది మాంటిల్, పాఠ్యపుస్తకంలో ప్రావారం అని రాస్తారు. తాజా గుల్ల విప్పితే రెండు చిప్పలకూ లోపల అస్తరులా పరుచుకున్న పల్చటి కండ కనిపిస్తుంది, అదే. దాని అంచు మూడు మడతలుగా ఉంటుంది. బయటి మడతకు, మధ్య మడతకు మధ్యనున్న గాడిలోంచి ముందు ఒక పల్చటి గోధుమరంగు పొర వస్తుంది. ఇది ప్రొటీను, సున్నం (కాల్షియం కార్బొనేటు) కాదు. గుల్ల పైతోలు ఇదే. ఈ పొర అంచు దాటి లోపలి నుంచి బయటికి తిరుగుతుంది. దాని కింద, మాంటిల్‌కు చిప్పకు నడుమ, సన్నటి సందులో కాస్త ద్రవం ఉంటుంది. సున్నపు స్ఫటికాలు ఏర్పడేది ఆ సందులోనే. పైతోలు ఆ సందుకు మూతలా పనిచేస్తుంది, సముద్రపు నీరు నేరుగా లోపలికి రాదు. అందుకే లోపలి ద్రవాన్ని జంతువు తనకు కావలసినట్టు మార్చుకోగలుగుతుంది.

బరువు లెక్కన చూస్తే గుల్లలో 95 శాతం పైనే కాల్షియం కార్బొనేటు. మిగిలిన కొంచెం ప్రొటీను, కైటిను (రొయ్య పెంకులోనూ ఉండే పీచు పదార్థం). స్ఫటికం ఎక్కడ మొదలవ్వాలి, ఏ రూపంలో పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ కొంచెమే నిర్ణయిస్తుంది.

చెరువుగట్టు
రొయ్యకి ఇలా కాదు కదండీ. అది పెంకు వదిలేసి కొత్తది గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది, నీటిలో ఖనిజాలు తగ్గితే పెంకు సరిగా గట్టిపడదు. గుల్లకు అలాంటి మెత్తటి దశ ఉండదా?

ప్రావారం
@చెరువుగట్టు ఉండదు. రొయ్య పెంకు బిగుతు చొక్కా లాంటిది, మారిస్తే తప్ప ఒళ్ళు పెరగదు. గుల్ల ఒక్క అంచులోనే పెరుగుతుంది. కీలు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మూపు చూడండి, అది ఆ జంతువు పిల్లగా ఉన్నప్పటి చిప్ప. అక్కడి నుంచి కింది అంచు దాకా వయసు వరసగా పరుచుకుని ఉంటుంది. అంచులో ఈ వారం వేసినది, మూపులో మొదటి రోజుది. ఏ భాగాన్నీ కూల్చి కట్టదు. లోపలి వైపు మాత్రం మాంటిల్ అంతా కొంచెం కొంచెం పూత వేస్తూ మందం పెంచుతుంది. అంచులో వేసేది సైజు కోసం, లోపల వేసేది మందం కోసం.

కీలుకు ఎదురుగా ఉన్న అంచు వేగంగా పెరుగుతుంది, కీలు వైపు నెమ్మదిగా. ఆ తేడా వల్లే చిప్ప వంపు తిరుగుతుంది. ఏ వయసులో చూసినా ఆకారం దాదాపు అదే, సైజే వేరు.

సూక్ష్మదర్శిని
ఆ "మొదటి రోజు" మాట నిజంగా మొదటి రోజే. గుడ్డు ఫలదీకరణ జరిగాక చాలా జాతుల్లో ఒక రోజు అటూ ఇటూగా పిల్లకు చిప్ప వచ్చేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే తిన్నటి కీలుతో అచ్చం ఇంగ్లీషు డి అక్షరంలా ఉంటుంది. హేచరీల్లో డి లార్వా అనేది దీన్నే. పిల్ల నీటిలో ఈదుతూనే రెండు మూడు వారాలు పెరుగుతుంది, తర్వాత కాలు చాచి అడుగున దిగుతుంది. ఆ మొదటి చిప్ప వేసే రోజు చాలా సున్నితం. పిల్ల ఇంకా మేత తినదు, గుడ్డులోని శక్తితోనే సున్నం పేర్చాలి. 2007 తర్వాత అమెరికా పసిఫిక్ తీరంలో ఆయిస్టర్ హేచరీల పిల్లలు కుప్పలుగా చచ్చింది ఇక్కడే. సముద్రం అడుగు నుంచి పైకొచ్చిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై, కార్బొనేటు తగ్గింది. ఆ తర్వాత ట్యాంకుల్లోకి వచ్చే నీటికి సోడా యాష్ (సోడియం కార్బొనేటు) కలపడం మొదలుపెట్టారు.

పచ్చనాకు
గుల్లలు కార్బన్‌ను చిప్పలో దాచేస్తాయి కాబట్టి వాటిని పెంచితే వాతావరణానికి మేలు కదా. చార్టులో అదీ రాయొచ్చు.

సూక్ష్మదర్శిని
@పచ్చనాకు దయచేసి రాయొద్దు. లెక్క చూడండి: ఒక కాల్షియం, రెండు బైకార్బనేట్లు కలిస్తే ఒక కాల్షియం కార్బొనేటు, ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక నీరు. అంటే చిప్పలోకి ఒక కార్బన్ వెళ్తే ఒకటి గాలి రూపంలో బయటికొస్తుంది. సముద్రపు నీరు కొంత సర్దుకుంటుంది కాబట్టి చివరికి విడుదలయ్యేది సుమారు 0.6 వంతు. మేలు ఉన్నది నీటిని వడపోయడంలో, అడుగును గట్టిపరచడంలో.

పచ్చనాకు
సరే, వెనక్కి తీసుకుంటున్నా. ఈ సమీకరణం ఎప్పుడూ ఇటు నుంచి చూడలేదు.

మోటుపల్లి
మూడోది నిజమే అనుకుంటా. చెట్టుకు వలయాలున్నట్టు గుల్లకు గీతలు. ఐస్‌లాండ్ దగ్గర దొరికిన దానికి అలాగే 500 ఏళ్ళని లెక్కేశారు.

తీరంగాలి
@మోటుపల్లి అది చలి సముద్రం, అక్కడ చలికాలం స్పష్టం. 2006లో తీసిన ఆ గుల్లకు ముందు 405 ఏళ్ళు అన్నారు. తర్వాత 2013లో సరిచేసి 507 అన్నారు. ఎందుకు తప్పారంటే కీలు దగ్గర కొన్ని గీతలు మరీ ఒత్తుగా ఉండి కలిసిపోయాయి. బయటి అంచు వైపున్న వరసతో సరిపోల్చాక అంకె తేలింది. మైక్రోస్కోపు పెట్టుకున్నవాళ్ళకే అంత కష్టమైంది.

మన దగ్గర ఇంకా చిక్కు. కాకినాడ బేలో గోదావరి వరద దిగినప్పుడు ఉప్పు పడిపోతుంది, గుల్ల మూసుకుని కూర్చుంటుంది, ఒక గీత. గుడ్లు విడిచినప్పుడు ఇంకో గీత. అలకు బయటపడి ఎండినప్పుడు, పీత కొరికినప్పుడు, వల లాగి కదిపినప్పుడు గీత. ఒక ఏడాదిలో మూడు నాలుగు పడొచ్చు, ఒక్కటీ స్పష్టంగా పడకపోవచ్చు. పైకి కనిపించే గీతలు లెక్కబెట్టి వయసు చెప్పడం మన తీరంలో కుదరదు.

ప్రావారం
గీత ఎలా పడుతుందో చెబితే పిల్లలకు పట్టుకుంటుంది. పోటు తగ్గాక గుల్ల గట్టిగా మూసుకుంటుంది. లోపల ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ లేకుండా బతికే పద్ధతికి మారుతుంది, దానివల్ల సక్సినిక్ ఆమ్లం లాంటివి పేరుకుంటాయి. ఆ పులుపు విరగడానికి తన చిప్ప లోపలి గోడ నుంచే కొద్దిగా సున్నం కరిగించుకుంటుంది. ఆ జాగాలో సున్నం పోయి ప్రొటీను ఎక్కువగా మిగులుతుంది. నీళ్ళొచ్చాక మళ్ళీ సున్నం వేస్తుంది. కోసి చూస్తే ఆ చోటు సన్న గీతలా కనిపిస్తుంది. గుల్ల జంతువుకు ఇల్లే కాదు, పులుపు విరిచే మందు డబ్బా కూడా.

మోటుపల్లి
ఒప్పుకున్నా. మరి పోటుకొక గీత చొప్పున రోజులు లెక్కపెట్టొచ్చా?

ప్రావారం
అంచు దగ్గర, కోసి నునుపు చేసిన ముక్కలో, కొన్ని జాతుల్లో పెట్టొచ్చు. పైన వేలితో తడిమితే తెలిసేది కాదు.

గుల్లసున్నం
ఇంతసేపూ ఎలా పెరుగుతుందో మాట్లాడారు, ఎలా కాపాడుతుందో ఎవరూ చెప్పలేదు. మొదటి సంగతి: తెరుచుకోవడానికి కండరం అక్కర్లేదు, మూసుకోవడానికే కావాలి. కీలు దగ్గర నల్లగా, రబ్బరులా ఉండే పట్టీ ఉంటుంది. మూసినప్పుడు దాని బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుపోతుంది. వదిలితే తనంతట తానే చిప్పల్ని విడదీస్తుంది. బట్టల క్లిప్పుకు తిరగేసిన పని: క్లిప్పు స్ప్రింగు మూస్తుంది, ఇది తెరుస్తుంది. ముందొకటి వెనకొకటి, రెండు కండరాలు మూసి పట్టుకుంటాయి. చిప్ప లోపల నున్నటి మచ్చలు రెండు కనిపిస్తాయి చూడండి, అవి వాటి అతుకులు.

ఆ కండరంలో రెండు రకాల పోగులుంటాయి. ఒకటి టక్కున మూస్తుంది, కానీ త్వరగా అలిసిపోతుంది. రెండోది నెమ్మదిగా బిగుసుకుని, పెద్దగా శక్తి ఖర్చు లేకుండా గంటల తరబడి అలాగే పట్టుకుంటుంది. చేత్తో విడదీయబోతే రానిది ఈ రెండోదాని వల్లే.

వంటిల్లు_కాకినాడ
చచ్చిన గుల్ల నోరు తెరుచుకునేది అందుకేనన్నమాట. కొనేటప్పుడు కొంచెం తెరిచి ఉన్నవాటిని గోటితో తట్టాలి. మూసుకుంటే బతికుంది, మూసుకోకపోతే పారెయ్యాలి. ఇసుక కక్కించడానికి మంచినీళ్ళు పోస్తే ఒక్కటీ నోరు తెరవదు. లీటరుకు 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, జల్లెడలో ఒకే వరసగా పరిచి, జల్లెడ గిన్నె అడుగుకు తగలకుండా ముంచాలి. కక్కిన ఇసుక కిందికి పోతుంది, మళ్ళీ లోపలికి లాగదు. చీకట్లో నాలుగైదు గంటలు. కుప్ప పోస్తే కిందివి ఊపిరాడక చస్తాయి.

తీరంగాలి
ఒక జాగ్రత్త. మూసి ఉందని నమ్మొద్దు. లోపల జంతువు ఎప్పుడో చచ్చి, బురద నిండి, ఆ బురదే రెండు చిప్పల్నీ అతికించిన గుల్లలుంటాయి. రెండు వేళ్ళతో పట్టుకుని చిప్పల్ని పక్కకు జరపబోతే జారతాయి. బతికినవి జారవు. అలాంటిది ఒక్కటి పడితే కూర మొత్తం బురద.

వంటిల్లు_కాకినాడ
అది రాయడం మర్చిపోయా. నిజం, బరువుతోనూ తెలుస్తుంది.

చెరువుగట్టు
గీరల గుల్ల, నున్నటి గుల్ల రెండూ ఒకే తీరంలో ఉంటాయి కదా, ఒకదానికి గీరలెందుకు?

గుల్లసున్నం
@చెరువుగట్టు గీరల గుల్ల, అంటే అనడారా గ్రానోసా. 18 అటూ ఇటూగా గీరలు మూపు నుంచి అంచు దాకా దిగుతాయి. సాదా రేకు వంగిపోతుంది, ముడతల రేకు వంగదు. అదే కిటుకు: తక్కువ సున్నంతో ఎక్కువ బలం. అంచులో గీరల చివర్లు పళ్ళలా ఉండి రెండో చిప్ప సందుల్లో కూర్చుంటాయి. మూశాక చిప్పలు పక్కకు కదలవు. కీలు కూడా తిన్నటి గీతలో వరసగా చిన్న చిన్న పళ్ళే, దువ్వెనలా. దీని రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే విప్పితే ఎర్రగా కారుతుంది. ఆక్సిజన్ తక్కువున్న బురదలో బతకడానికి అది పనికొస్తుంది.

నున్నటిది మెరెట్రిక్స్. అది ఇసుకలోకి చకచకా దిగిపోతుంది. గీరలుంటే ఇసుకలో రాపిడి. దీని రక్షణ పరుగులో ఉంది.

ప్రావారం
ఒక చిన్న చేర్పు. చిప్ప లోపలి అంచుకు సమాంతరంగా ఒక గీత ఉంటుంది, మాంటిల్ అతుక్కునే చోటు. గీరల గుల్లలో అది ఎక్కడా లోపలికి వంగదు, ఎందుకంటే దానికి గొట్టాలు (ఇసుక లోపలి నుంచి నీళ్ళు పీల్చి వదిలేవి) లేవు, పైపైనే బతుకుతుంది. మెరెట్రిక్స్‌లో వెనకవైపు కొంచెం లోపలికి నొక్కుకుంటుంది. లోతుగా దిగే జాతుల్లో ఈ నొక్కు ఇంకా లోతు. ఖాళీ చిప్ప చూసి జంతువు ఎంత లోతులో ఉండేదో చెప్పొచ్చు. పిల్లల చేత చెప్పించండి, ఎంత సంబరపడతారో.

సూక్ష్మదర్శిని
గట్టిదనం లోపలి అల్లికలోనూ ఉంది. సున్నపురాయి దెబ్బకు విరిగిపోతుంది, అదే పదార్థమైన గుల్ల అంత సులువుగా విరగదు. ఈ గుల్లల్లో సున్నం అరగొనైటు అనే స్ఫటిక రూపంలో సన్న పోగులుగా ఉండి, ఒక పొర ఇటు, పక్క పొర అటు, ప్లైవుడ్డులా అడ్డదిడ్డంగా పేరుస్తారు. పగులు ఒక పొరలో నేరుగా వెళ్ళి, పక్క పొరలో దారి మళ్ళి, అక్కడే శక్తి పోగొట్టుకుని ఆగుతుంది.

ఇంకో పద్ధతి కాకినాడ బేలోనే ఉండే ప్లాక్యూనా ప్లాసెంటా అనే గుల్లది. అరచేతి మీద పెడితే గీతలు కనిపించేంత పల్చన, దాదాపు బల్లపరుపు. దీన్ని గోవా పాత ఇళ్ళ కిటికీలకు గాజు బదులు వాడారు. ఇది కాల్సైటు (సున్నానికి ఇంకో స్ఫటిక రూపం), 99 శాతం సున్నమే, సూక్ష్మమైన పలకలు దొంతరగా ఉంటాయి. వెలుతురు సుమారు 80 శాతం దాటిపోతుంది. పొడిస్తే దెబ్బ తగిలిన చుట్టూరా తెల్లగా మచ్చ పడుతుంది, పగులు మాత్రం చిప్పంతా పాకదు. గాజుకు ఆ గుణం లేదు.

గుల్లసున్నం
@సూక్ష్మదర్శిని "పేరుస్తారు" కాదు, పేరుస్తుంది! మనుషులెవరూ లేరక్కడ.

సూక్ష్మదర్శిని
సరే, పేరుస్తుంది.

ఎనిమిదో_తరగతి_సైన్స్
ఒడ్డున ఏరిన చిప్పల్లో చాలావాటికి మూపు దగ్గర గుండ్రటి బెజ్జం ఉంది. పిల్లలు దండ గుచ్చడానికి ఎవరో చేశారనుకుంటున్నారు.

తీరంగాలి
చేసింది నత్త. చంద్రనత్త అంటారే, గుండ్రటిది, అది అయితే బెజ్జం పైన వెడల్పు, లోపల సన్నం, గిన్నెలా ఏటవాలు. మ్యూరెక్స్ జాతి అయితే గోడలు నిటారు. కాలితో గుల్లను చుట్టేసి, ముందు ఒక గ్రంథి నుంచి ఆమ్లం ఊరించి సున్నాన్ని మెత్తబరుస్తుంది, తర్వాత ఆకురాయి లాంటి నాలుకతో గీకుతుంది. మళ్ళీ ఆమ్లం, మళ్ళీ గీకుడు. మందమైన గుల్లకు రోజుకు మించి పట్టొచ్చు. బెజ్జం సగంలో ఆగిన చిప్పలు కూడా ఏరండి. అవి గుల్ల మందం గెలిచిన సందర్భాలు, లేదా మధ్యలో ఎవరో నత్తను చెదరగొట్టినవి.

చెరువుగట్టు
బెజ్జం పడ్డాక పూడ్చుకోలేదా?

ప్రావారం
మాంటిల్ కింద ఉన్న చోటైతే లోపలి నుంచి పూడుస్తుంది. ముందు ప్రొటీను పొర, దాని మీద సున్నం. పైన రంగు, గీరలు మాత్రం తిరిగి రావు, ఎందుకంటే అవి వేసేది అంచు ఒక్కటే. అంచు విరిగితే మాంటిల్ వెనక్కి ముడుచుకుని, విరిగిన చోటు నుంచి మళ్ళీ మొదలెడుతుంది. విరిగిన గీత చిప్ప మీద జీవితాంతం మచ్చలా ఉంటుంది. మాంటిల్ అంచే తెగితే ఇంకో సంగతి: అప్పటి నుంచి వేసే చిప్పంతా ఆ చోట గాడి పడుతూ పోతుంది.

చెరువుకట్ట_వరంగల్
మా దిక్కు చెరువుల్ల దొరికేటి నల్ల చిప్పలకు మూపు కాడ తెల్లగ తినేసినట్టు ఉంటది. అది కూడ నత్తేనా?

ప్రావారం
@చెరువుకట్ట_వరంగల్ కాదు, నీరే. లామెల్లిడెన్స్ అనే మంచినీటి గుల్ల అయి ఉంటుంది. మూపు అన్నిటికంటే పాతది, అక్కడ పైతోలు రాపిడికి ముందుగా చిరుగుతుంది. మంచినీటిలో కాల్షియం సముద్రంలో కంటే ఎంతో తక్కువ, నీరు కాస్త పులుపైనా సున్నం కరిగిపోతుంది. అందుకే మంచినీటి గుల్లల పైతోలు అంత మందం, అంత నలుపు. అది ఉన్నంతవరకే సున్నం క్షేమం. తినేసిన చోట లోపలి నుంచి పూత వేసుకుంటూ నెట్టుకొస్తుంది.

మోటుపల్లి
స్వాతి చినుకు సంగతి కూడా చార్టులో పెడితే? పిల్లలు తప్పక అడుగుతారు.

సూక్ష్మదర్శిని
పెట్టండి, కథగా చెప్పి నిజం పక్కన రాయండి. మాంటిల్ పైపొర కణాలు ఏదో దెబ్బకో, పరాన్నజీవి వల్లో లోపలి కండలోకి దిగబడితే, అక్కడ సంచిలా మూసుకుని, తమకు తెలిసిన పనే చేస్తాయి: చిప్ప గోడకు వేసే మెరుపు పూతను ఆ సంచి లోపల పొరపొరగా వేస్తాయి. అదే ముత్యం. పూతలో పలక ఒక్కొక్కటి అర మైక్రోమీటరు మందం, వెలుతురు తరంగానికి దగ్గరి కొలత, అందుకే ఆ రంగులు. అందుకే ముత్యాల సాగులో పూసతోపాటు ఇంకో గుల్ల మాంటిల్ ముక్క కూడా పెడతారు. ముక్క పెట్టకపోతే పూస ఊరికే ఉండిపోతుంది.

గుల్లసున్నం
ఇక పిల్లల ప్రయోగం. చిప్పను 5 శాతం వెనిగర్‌లో వేయడం అందరూ చేస్తారు, కొలత లేక చెడుతుంది. 200 మిల్లీలీటర్ల వెనిగర్‌లో 10 గ్రాముల ఆమ్లం ఉంటుంది, లెక్క ప్రకారం అది 8 గ్రాముల సున్నానికి సరిపోతుంది, ఆచరణలో అంతకంటే ముందే నెమ్మదిస్తుంది. కాబట్టి చిప్ప 3, 4 గ్రాములకు మించొద్దు, రోజుకోసారి వెనిగర్ మార్చాలి. సీసా మూత బిగించొద్దు, గ్యాసుకు పగులుతుంది. ఒడ్డున ఎండి తెల్లబడిన చిప్ప వేస్తే చివరికి ఏమీ మిగలదు, పిల్లలు నిరాశపడతారు. దాని పైతోలు ఎప్పుడో పోయింది. వరంగల్ వారు చెప్పిన చెరువు చిప్ప తాజాది వేయండి. సున్నమంతా పోయాక పైతోలు, లోపలి ప్రొటీను పొరలు మెత్తటి తొడుగులా చేతికొస్తాయి. చిప్ప ఆకారం అలాగే ఉంటుంది, నొక్కితే ముడుచుకుపోతుంది.

తీరంగాలి
గీతలు చూపడానికి: చిప్పను ఎపాక్సీ జిగురులో ముంచి ఆరనివ్వండి, మూపు నుంచి కింది అంచు దాకా, గీతలకు అడ్డంగా రంపంతో కోయండి. 320, 600, 1200 నంబరు గరుకు కాగితాల మీద వరసగా, ఎప్పుడూ నీళ్ళతో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కోసే పని పెద్దవాళ్ళే చేయాలి. నునుపయ్యాక పల్చటి వెనిగర్‌లో ఒక నిమిషం ఉంచి కడిగితే గీతలు లేస్తాయి. పది రెట్ల భూతద్దం చాలు.

వంటిల్లు_కాకినాడ
కీలు పట్టీ చూపించాలంటే అదే రోజు చిప్పలు కావాలి. ఎండితే పట్టీ పెళుసై విరిగిపోతుంది. తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

ఎనిమిదో_తరగతి_సైన్స్
ఇలా మార్చాను: "నీటిలో కరిగిన కాల్షియం, బైకార్బనేట్లతో మాంటిల్ అంచు గుల్లను ఊరిస్తుంది. జంతువుతోపాటు గుల్ల కూడా అంచులో పెరుగుతూ పోతుంది, ఎప్పుడూ వదలదు. పైన కనిపించే గీతలు ఎదుగుదల ఆగిన సందర్భాలు, వాటిని బట్టి వయసు చెప్పలేం."

ప్రావారం
"ఆగిన లేదా నెమ్మదించిన" అనండి. ఇంకొకటి, పాత చార్టు బొమ్మలో ఎదుగుదల బాణాలు అంచు నుంచి మూపు వైపు ఉండి ఉంటాయి, చాలా చార్టుల్లో అదే తప్పు. ఒకసారి చూడండి.

ఎనిమిదో_తరగతి_సైన్స్
చూశాను, అలాగే ఉన్నాయి. బాణాలు తిప్పి గీయిస్తున్నాను. సగంలో ఆగిన బెజ్జం ఉన్న చిప్ప ఒకటి దొరికింది, దాన్ని బొమ్మ పక్కనే అతికిస్తున్నాం.